టీచరు గారింట్లో రెండో శనివారం

మా ఇంటి ఓనరు టీచరు గారు పోయారన్న కబురు వచ్చేసరికి ఒక పెద్దాయన నరంలో నా సూది ఉంది. బ్రాడీపేటలో ఒక క్లినిక్కులో పరీక్షలకి రక్తం తీయడం నా పని. తల తిప్పి చూస్తే తలుపు దగ్గర టైలర్ గారు నిలబడి ఉన్నారు. మా వీధి చివర కొట్టు ఆయనది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. మిషను మీద గుడ్డ వదిలేసి వచ్చారంటే ఏదో అయిందని తెలుస్తూనే ఉంది. కానీ చెయ్యి కదపకూడదు. గొట్టం నిండేదాకా ఆగి, సూది తీసి, ప్లాస్టర్ అంటించి, పెద్దాయన్ని కాసేపు చెయ్యి మడుచుకోమని చెప్పి, అప్పుడు వెళ్ళాను.

"టీచరమ్మ పోయారమ్మా," అన్నారు టైలర్ గారు. "కొత్తపట్నంలో, చెల్లెలు గారింట్లో. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారంట. టీకి లేపబోతే లేవలేదంట."

"నిద్రలోనేనా?"

"నిద్రలోనే."

నేను లోపలికి వెళ్ళి తర్వాతి మనిషిని పిలిచాను. ఆ పూట ఎంతమంది చేతులు పట్టుకున్నానో, ఎవరి ముఖాలు ఎలా ఉన్నాయో ఒక్కటీ గుర్తు లేదు.

ఆవిడ జీవితమంతా ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, నల్లగొడుగు వేసుకుని చర్చికి నడిచి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో వీధిలో ఎవరి పిల్లలు దొరికితే వాళ్ళ నోటుబుక్కు తీసుకుని గేటు దగ్గరే నిలబడి చూసేవారు. తప్పు చేసిన పిల్లలు గబగబా రబ్బరు తీస్తే ఒప్పుకునేవారు కాదు. "చెరపొద్దమ్మా. ఒక గీత కొట్టి పక్కన మళ్ళీ చెయ్యి. ఎక్కడ తప్పావో రేపు నీకే కావాలి," అనేవారు.

మేము ఆవిడ మేడ మీద అద్దెకి దిగినప్పుడు నా మెడలో గొలుసు లేదు. ఎందుకు లేదో ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు. మా ఆయనది పర్చూరు దగ్గర పల్లె. కౌలుకి మిరప వేసేవాడు. వరసగా రెండేళ్ళు ఆకుముడత తగిలి చేలు పాడయ్యాక గుంటూరు వచ్చి ఆటో నడపడం మొదలుపెట్టాడు. అప్పుడే ఫోనులో డబ్బులు పెట్టి ఆడే రమ్మీ అంటుకుంది. ముందు టీ తాగేటప్పుడు ఆడేవాడు. తర్వాత అన్నం తింటూ. తర్వాత అన్నం మానేసి. నేనేదైనా అంటే ఫోను బోర్లా పెట్టి గోడ వంక చూసేవాడు. ఆ చూపు నాకు ఆట కంటే ఎక్కువ భయం పుట్టించేది.

ఆవిడ ఆ విషయం కనిపెట్టిన తీరు మా ఆయన తర్వాతెప్పుడో చెబితే విన్నాను. వేసవి మధ్యాహ్నం. గేటు ముందు వేపచెట్టు నీడలో ఆటో ఆపుకుని ఆడుతున్నాడు. ముగ్గురు వచ్చి బేరం అడిగితే తల ఎత్తకుండానే రానన్నాడు. వరండాకి కట్టిన వట్టివేళ్ళ తడిక సందులోంచి ఆవిడ అదంతా చూశారు. కాసేపటికి ఆటో ఒక పక్కకి ఒరిగింది. ఎవరో ఎక్కారు.

"ఎక్కడికండి?" అన్నాడు మా ఆయన.

"ఎక్కడికీ కాదు బాబూ. నీ ఆట చూద్దామని."

వెనక్కి తిరిగితే టీచరు గారు. ఒళ్ళో గొడుగు పెట్టుకుని కూర్చున్నారు. లేవలేక, ఆపలేక మా ఆయన అలాగే ఆడాడు. ఆవిడ ఒక ఆట అయ్యేదాకా ఊపిరి కూడా వినపడకుండా చూశారు.

"అవతల ఆడేది ఎవరు బాబూ?"

"తెలీదండి."

"మగా, ఆడా?"

"తెలీదండి."

"మనిషేనా?"

ఆవిడ దిగి లోపలికి వెళ్ళిపోయారు. ఎండలో వీధంతా మిరపకాయల ఘాటు కమ్ముకుని ఉందట. తను అక్కడ కూర్చుని ఉన్నాడో, ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నాడో తెలియనట్టు అనిపించిందని మా ఆయన చెప్పాడు.

వారం తిరక్కుండానే మా గుమ్మంలోకి ఒక కాగితం వచ్చింది. రూళ్ళ నోటుబుక్కులోంచి చించిన ఠావు మీద గుండ్రటి అక్షరాలు. 'రెండో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మా ఇంట్లో పోకర్ పోటీ. డబ్బు పందెం లేదు. ఆలస్యంగా వచ్చినవారికి చింతపిక్కలు తగ్గించబడును.'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం పట్టుకుని చరచరా మెట్లు దిగాను. ఆవిడ వరండాలో కూర్చుని చింతపిక్కలు కడిగి చాటలో ఆరబోస్తున్నారు.

"తాగుబోతుని మాన్పించడానికి ఇంట్లో కల్లుకుండ పెట్టినట్టుందండీ మీ పని," అన్నాను. "మీకు తెలిసే చేస్తున్నారా?"

ఆవిడ చేతులు తుడుచుకున్నారు.

"నీ భయం నిజమేనమ్మాయ్. నాకూ భయంగానే ఉంది," అన్నారు. "కానీ ఆ పిల్లాడు ఎవరితో ఓడిపోతున్నాడో వాడికే తెలీదు. ఓడిపోవడం నేర్చుకోవాలంటే ఎదురుగా మనిషి ఉండాలి."

లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి చేగంట తెచ్చారు. రిటైరైన రోజు స్కూలువాళ్ళు ఇచ్చిందట. దాన్ని నా చేతిలో పెట్టారు.

"ఇది నీ దగ్గరుంచుకో. ఆటలో ఎప్పుడు నీకు బాగాలేదనిపిస్తే అప్పుడు కొట్టు. ఎవరం ఎందుకని అడగం. అందరం లేచిపోతాం."

ఆ గంటతో పోట్లాడలేక పైకి వచ్చేశాను.

ఆవిడకి పోకర్ ఎలా వచ్చని అందరూ అడిగేవారు. ఆవిడ పెద్దన్నయ్య ఓడల్లో వంటవాడట. సెలవుకి సొంతూరు కొత్తపట్నం వచ్చినప్పుడల్లా సముద్రపొడ్డున ఇసుకలో తువ్వాలు పరిచి, గాలికి ముక్కలు ఎగిరిపోకుండా గవ్వలు బరువు పెట్టి, టీచరు గారికి ఆట నేర్పాడట. ఒకసారి వెళ్ళిన ఓడ నుంచి ఆయన రాలేదు. అంతవరకే చెప్పేవారు. తనకి పంచిన ముక్కలు చూసేముందు ప్రతిసారీ ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవారు. ఆ క్షణంలో ఆవిడ ఎక్కడుండేవారో మాకు తెలిసినట్టే ఉండేది.

ఆ శనివారం వచ్చింది. హాల్లో రెండు బల్లలు కలిపి వేశారు. స్కూలు యూనిఫారాల్లో మిగిలిన ఆకుపచ్చ పేలికలన్నీ అతికి టైలర్ గారు ఒక దుప్పటి కుట్టుకొచ్చారు. తడిపిన తడిక గుండా వచ్చే వెలుతురు దాని మీద పడి గదంతా లేతాకుపచ్చగా, నిద్రలో చూసే గదిలా ఉంది. మనిషికి ముప్పై చింతపిక్కలు. అవి అయిపోయినవాళ్ళు వంటింట్లోకి వెళ్ళి పకోడీలకి ఉల్లిపాయలు తరగాలి. గెలిచినవాళ్ళకి ఒక జాడీ పండుమిరపకాయ పచ్చడి. పందెం అంతవరకే.

ఎదురింట్లో ఉండే రిటైరైన బస్సు కండక్టరు గారు కుర్చీలో కూర్చోబోతూ, "పోలీసులొస్తే ఏం చెప్పాలి టీచర్ గారూ?" అన్నారు.

"ఇంకో కుర్చీ వేద్దామండీ. చింతపిక్కల మీద కేసు రాయాలంటే వాళ్ళకే మొహమాటంగా ఉంటుంది."

టైలర్ గారు మాత్రం ఆడనన్నారు. "మా మతంలో జూదం కూడదు టీచరమ్మా. డబ్బుల్లేకపోయినా సరే, నేను ముక్క పట్టను. పంచమంటే పంచుతా."

"పంచేవాడికి కావల్సింది మీలాంటి చెయ్యే," అన్నారావిడ. ఆ రోజు నుంచీ పంచడం ఆయన పనే.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. ఎవరికి వాళ్ళకి రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్యలో ఐదు ముక్కలు ఒక్కొక్కటిగా తెరుస్తారు. అవీ ఇవీ కలిపి ఎవరికి మంచి చెయ్యి పడితే వాళ్ళు గెలుస్తారు. అయితే చేతిలో ఏమీ లేకపోయినా అన్నీ ఉన్నట్టు పిక్కలు ముందుకి తోస్తే, అవతలివాళ్ళు జడిసి ముక్కలు కింద పెట్టేయొచ్చు. దాన్ని టీచరు గారు బుకాయింపు అనేవారు.

నేను గంట ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చున్నాను. మొదటి గంటసేపు మా ఆయన సరదాగానే ఉన్నాడు. కండక్టరు గారి భార్య ముందుగా ఓడి ఉల్లిపాయలకి వెళుతూ ఏదో అంటే నవ్వాడు కూడా. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. తర్వాత ఒక చెయ్యి దగ్గర అతని ముఖం మారింది. మెడ ముందుకి వంగింది. కళ్ళు ఎక్కడా ఆగకుండా, ఎవరినీ చూడకుండా, ఫోను ముందు ఎలా ఉండేవో అలా అయిపోయాయి. తన పిక్కలన్నీ రెండు చేతులతో బల్ల మధ్యకి తోసేశాడు. ఒకటి జారి కింద పడి దొర్లుతుంటే ఆ చప్పుడు నాకు చాలాసేపు వినిపించింది.

అందరూ ముక్కలు కింద పెట్టేశారు. టీచరు గారొక్కరే మిగిలారు. నా వేళ్ళు గంట పిడిని పట్టుకున్నాయి.

ఆవిడ తన ముక్కల వంక చూడలేదు. మా ఆయన్నే చూశారు. తొందరేమీ లేదు. పిల్లవాడు బోర్డు దగ్గర లెక్క చేస్తుంటే వెనక నిలబడి చూసినట్టు.

"బాబూ," అన్నారు. "నీ చేతిలో ఏమీ లేదు కదా?"

మా ఆయన తల ఎత్తాడు. గోడ వంక చూస్తాడనుకున్నాను. చూడలేదు.

"లేదండి," అన్నాడు. పిక్కల మీంచి చేతులు తీసేసి, "ఏమీ లేదండి. ఏమీ మిగల్లేదు," అన్నాడు.

నేను గంట కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అతను ఇంకొకరి కళ్ళలోకి చూస్తూ నిజం చెప్పడం రెండేళ్ళలో అదే మొదలు. దాని మీద చప్పుడు చేయాలనిపించలేదు.

టైలర్ గారు ముక్కలన్నీ నెమ్మదిగా పోగుచేసి, లేచి, మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "పదరా తమ్ముడూ. ఉల్లిపాయలు మిగిలాయి."

ఆ రోజు మా ఆయన పెద్ద గిన్నెడు ఉల్లిపాయలు తరిగాడు. కళ్ళు, ముక్కు, గడ్డం అన్నీ కారిపోతున్నాయి. తుడుచుకోమని ఎవరూ అనలేదు. ఉల్లిపాయల దగ్గర ఏడుపుకి కారణం అడిగేవాళ్ళుండరు. పకోడీలు మాత్రం కొంచెం మాడాయి.

ఒక్క ఆటతో మనిషి మారిపోయాడని చెబితే అది అబద్ధం. సోమవారం టీచరు గారే మా ఇద్దరినీ ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. వరసలో కూర్చుని ఆవిడ పదో తరగతి లెక్కల పుస్తకం చదువుకున్నారు, అక్కడ కూడా పెన్సిలుతో ఏదో దిద్దుతూ. వానాకాలంలో మా ఆయన మళ్ళీ జారాడు. మూడు రోజులు ఫోను వదల్లేదు. నాలుగో రోజు పొద్దున్నే నాకు కూడా చెప్పకముందే కిందకి దిగి, ఆవిడ ముందు నిలబడి చెప్పేశాడు. నేను మెట్ల మీద నుంచి విన్నాను.

"ఎవరితో ఆడావు?"

"తెలీదండి."

"మరి రెండో శనివారం రా. మేమందరం నీకు తెలిసినవాళ్ళమే."

తిట్టలేదు. బోధ చేయలేదు. కాఫీ ఇచ్చి, గీత కొట్టి పక్కన మళ్ళీ చేయమన్నట్టు పంపించేశారు. నాకైతే ఆవిడ మీద ఆ పూట కూడా కొంచెం కోపం వచ్చింది. అంత సులువుగా వదిలేస్తారా అని. సులువు కాదని తర్వాత తెలిసింది. ఆ మూడు రాత్రులూ మా గదిలో లైటు ఆరేదాకా ఆవిడా పడుకోలేదని ఎదురింటి కండక్టరు గారి భార్య చెప్పింది.

అప్పటినుంచి రెండో శనివారం తప్పలేదు. కొన్నాళ్ళకి నేనూ ఆటలో కూర్చున్నాను. నాకు బుకాయించడం రాదు. చెవులు ఎర్రబడతాయి. "నీకు రాకపోవడమే మంచిదిలే," అనేవారావిడ. మా ఆయన ఇప్పుడు ఆ జోలికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. పగ్గాలు నా చేతిలో లేవు, అతని చేతిలోనే ఉన్నాయి. మళ్ళీ పర్చూరు దగ్గర కాస్త పొలం కౌలుకి తీసుకుని మిరప వేశాడు.

ఈ ఫిబ్రవరిలో, ఆవిడ కొత్తపట్నం వెళ్ళకముందు, ఆట మా మిరప కల్లంలో పెడదామని ఆవిడే అడిగారు. అద్దెకారులో అందరం వెళ్ళాం. మా ఆయనే నడిపాడు. పరదా పందిరి కింద ఆకుపచ్చ దుప్పటి పరిచాం. ఎన్నడూ లేనిది ఆవిడ అందరికంటే ముందు ఓడిపోయారు. ఓడిపోయి, హాయిగా లేచి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని, ఎండబోసిన కాయల మధ్య బాటల వెంట ఒక్కరే నడుచుకుంటూ వెళ్ళారు. తుమ్ములు వస్తున్నా తిరిగి రాలేదు. ఆ ఎరుపులో తెల్లచీర చిన్నదై, చిన్నదై, అటు చివర ఆగి చాలాసేపు అలాగే నిలబడింది. "రమ్మని పిలవనా?" అన్నాను. "వద్దు, చూసుకోనీ," అన్నాడు మా ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు పొద్దు వాలుతోంది. మా ముందు పత్తి లారీ ఒకటి, బోరాలు పక్కలకి పొంగుకొచ్చి, తాపీగా వెళుతోంది. చిరుగుల్లోంచి పత్తి పింజలు లేచి, వాలుటెండలో మెరుస్తూ, మా కారు మీదుగా తేలిపోతున్నాయి. టీచరు గారు కిటికీ అద్దం దించుకుని అలాగే నిద్రపోయారు. ఒక పింజ వచ్చి ఆవిడ తెల్లజుట్టులో చిక్కుకుంది. తర్వాత ఇంకొకటి. ఏది పత్తో, ఏది జుట్టో తెలియడం లేదు. తీద్దామని చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేశాను. రోడ్డు ఖాళీగానే ఉంది. లారీని దాటేయొచ్చు. మా ఆయన దాటలేదు. దాని వెనకే, ఆ తేలుతున్న తెల్లదనంలోంచి, మెల్లగా నడుపుతూనే ఉన్నాడు.