బళ్ళారి స్నేహితురాలు

ఆ పిల్లల చేత ఈమెయిల్ ఐడీలు తెరిపించింది నేనే. ఈ సంగతి ముందే ఒప్పుకోకపోతే మిగతాది చెప్పే మొహం నాకు లేదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. రాయదుర్గంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. బడికి కంప్యూటర్లు వచ్చాయి గానీ నెట్ రాలేదు. పదో తరగతి పిల్లల్ని ఐదుగురి చొప్పున బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు తీసుకెళ్ళి ఐడీలు తెరిపించాను. పాస్‌వర్డు ఎవరికీ చెప్పొద్దన్నాను. అంతకు మించి చెప్పాల్సింది ఏముంటుందో అప్పటికి నాకూ తెలియదు.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో ఒక అమ్మాయి స్టాఫ్‌రూముకు వచ్చింది. బాగా చదువుతుంది, ఎక్కువ మాట్లాడదు. నాయన చనిపోయాడు. తల్లి జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పని చేసేది.

"మేడం, అప్లికేషన్‌కని ఇచ్చిన నా ఫోటో మీ కాడ ఒకటేమన్నా మిగిలిందా?"

"ఎందుకు?"

"ఫ్రెండుకు పంపల్ల. నెట్ సెంటర్లో స్కాన్ చేస్తారంట."

ఎవరా ఫ్రెండు అంటే, చాటింగ్‌లో పరిచయమైన బళ్ళారి అమ్మాయి అంది. తనదీ పదో తరగతేనట. తనకూ నాయన లేడట. క్లాసులో అందరం దిగిన ఫోటో పంపుతానంటే వద్దందట, ఒక్కదానివే ఉన్నది కావాలందట. ఫోటో లేదని అబద్ధమాడి ఆ పిల్లను పంపేశాను. కానీ ఆ మాటలు నాకు మింగుడుపడలేదు.

నా అనుమానం మొదట నెట్ సెంటరు నడిపే అతని మీదికి పోయింది. అక్కడ ప్లైవుడ్ చెక్కలతో అరలు కట్టి, ఒక్కో అరకూ తెర వేలాడదీశాడు. ఈ పిల్ల వస్తే మాత్రం తన బల్లకు ఎదురుగా, బయటే కూర్చోబెడతాడని తోటి పిల్లలు చెప్పారు. ఆ సాయంత్రమే వెళ్ళి నిలదీశాను.

"ఏమప్పా, ఆ పాపను నీ కండ్ల ముందరే ఎందుకు కూర్చోబెట్టుకుంటావు?"

అతని ముఖం కందిపోయింది. "తెర లోపలుంటే ఏం చేస్తాండాదో నాకెట్ల తెలుస్తాది మేడం? దినామూ ఒకరితోనే మాట్లాడతాండాది. ఒకతూరి ఏడ్చుకుంటా పోయింది. మీకు చెప్దామంటే నన్నే అనుమానిస్తారని గమ్మునుండిపోయినా."

నేను చేసిందీ అదే. అయినా అతని మాట పూర్తిగా నమ్మలేదు.

మర్నాడు మధ్యాహ్నం తల్లిని పిలిపించాను. యూనిట్లోంచి తిన్నగా వచ్చినట్టుంది, బట్ట రంగు అంటి వేళ్ళన్నీ నీలంగా ఉన్నాయి. అంతా విని, నా ముఖంలోకే చూస్తూ అంది:

"ఆడికి పిల్లోళ్ళను తోలుకపోయింది మీరే కదా మేడం? ఇప్పుడు నా బిడ్డది తప్పంటాండారా?"

ఆమె నన్నూ నమ్మలేదని అర్థమైంది. సాయంత్రం అందరం కలిసి నెట్ సెంటరుకు వెళ్దామంటే మాత్రం ఒప్పుకుంది.

రోజూ వెళ్ళే వేళకే అమ్మాయి సిస్టం ముందు కూర్చుంది. వెనకాల తల్లీ నేనూ నిలబడ్డాం. రాతంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. తల్లికి చదువు రాదు.

"గట్టిగా చదువు. నాకూ ఇనపడల్ల," అంది.

అమ్మాయి పాత మాటలు చదివింది. మీ అమ్మ పనికి ఎప్పుడు పోతుంది, ఎప్పుడొస్తుంది. బస్టాండు నుంచి మీ ఇల్లు ఎంత దూరం. మన మాటలు ఎవరికీ చెప్పకు. ప్రతి ప్రశ్నకూ ఈ పిల్ల శ్రద్ధగా జవాబు రాసింది. వీధి పేరుతో సహా. తల్లి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకే తెలియదనుకుంటాను.

అంతలో కొత్త మాట వచ్చింది. అమ్మాయి చదివింది: "ఈ దినం బళ్ళో మా టీచర్ అందరి ముందరా కొట్టింది. నువ్వు తప్ప నాకెవరూ లేరు."

"ఈ దినమా?" అంది తల్లి. "బళ్ళారిలో ఈ దినం బడి యాడుండాదే? మీ చిన్నమ్మ పిల్లోళ్ళు ఆడినుంచే సెలవులని వచ్చి మనింట్లోనే ఉండారు కదా!"

నిజమే. కర్ణాటకలో దసరా సెలవులు మనకంటే ఎక్కువ రోజులు. వాళ్ళ బళ్ళు ఇంకా తెరవలేదు. సోషల్ టీచర్‌ని, పక్క రాష్ట్రం సంగతి నాకు తట్టలేదు. ఏ చదువూ లేని ఆమెకు తట్టింది.

"అడుగు," అంది తల్లి.

"మీకు సెలవులు కదా?" అని అమ్మాయి టైపు చేసింది.

వచ్చినవి నాలుగే మాటలు: "నీ పక్కన ఎవరన్నా ఉన్నారా?"

అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. కాసేపటికి ఆ పేరు పక్కనున్న పచ్చ చుక్క ఆరిపోయింది.

సెంటరతను అదంతా ప్రింటు తీసి ఇచ్చాడు. మా హెడ్మిస్ట్రెస్ ఆ కాగితాలను పోలీసు స్టేషనులో ఇచ్చి వచ్చింది. తర్వాత ఏ కబురూ రాలేదు. అవతల ఉన్నది ఎవరో ఈనాటికీ తెలియదు.

బయటికి రాగానే అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. "నన్ను బడి మానిపిస్తావా మా?"

"అబద్ధం చెప్పినోళ్ళు వాళ్ళు. బడి నువ్వెందుకు మానల్ల?" అంది తల్లి.

ఆ రోజు నుంచి బడి వదిలాక అమ్మాయి యూనిట్‌కే వెళ్ళి, బట్టల మూటల మధ్య కూర్చుని చదువుకుని, తల్లితో కలిసి ఇంటికి వెళ్ళేది. బస్టాండులో కొత్త ముఖం కనిపిస్తే ఎవరని ఆరా తీసేదాన్ని. బడి గేటు ఎదుట రెండు రోజులు వరసగా నిలబడ్డ ఒక పెద్దాయన్ని గద్దించాను. విడపనకల్లు నుంచి మనవరాలి కోసం వచ్చిన తాతట. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. నాకు సిగ్గేసింది గానీ, చూడటం మానలేదు.

తల్లిదండ్రుల్ని పిలిచి మీటింగు పెట్టాం. నేను కాగితం మీద రాసుకొచ్చిన జాగ్రత్తలు చదువుతుంటే వెనక వరసలో ఆవలింతలు. అప్పుడు ఆ తల్లి లేచింది. కూతురి ఊసెత్తలేదు.

"మాకు చదవనీకి రాదు మేడం. ఆడ ఎవరేమన్నారో ఇంటికొచ్చి చెప్పమనండి పిల్లోళ్ళను. కొట్టమూ, బడి మానిపించమూ అని ముందే మాటిస్తాము. అట్లయితేనే చెప్తారు. అబద్ధమా కాదా మేము కనిపెడతాము."

నా కాగితం మడిచేశాను. తర్వాత వారమే సెంటరతను తెరలన్నీ పీకేశాడు.

అమ్మాయి మాత్రం నాతో సరిగ్గా మాట్లాడటం మానేసింది. పదో తరగతి చివరి పరీక్ష రాసిన రోజు, తల్లి గేటు దగ్గర ఎదురుచూస్తుంటే, వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, ఒకవేళ ఆయమ్మి నిజంగానే ఉండాదేమో కదా? మనం బెదిరిస్తే భయపడిపోయిందేమో."

లేదని గట్టిగా చెబుదామనుకున్నాను. కానీ దాని తలమీద చెయ్యి వేసి, గేటు దాకా నడిచి వెళ్ళి తల్లికి అప్పజెప్పాను.