అన్న దగ్గు వినపడకూడదని

మొన్న పంజాగుట్టలో మెట్రో ఎక్కి అమీర్‌పేటకు వస్తున్నాను. ఎదుటి సీట్లో ఓ అమ్మాయి ఆగకుండా దగ్గుతుంటే, పక్కనున్న పెద్దావిడ ఏ మొహమాటమూ లేకుండా ఎన్నాళ్ల నుంచని అడిగి, మూడు వారాలనేసరికి రేపే పోయి తెమడ పరీక్ష చేయించుకొమ్మని గట్టిగా చెప్పింది. ఆ పిల్ల కూడా సిగ్గుపడకుండా సరేనంది. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను.

మాది నేతపని చేసిన ఇల్లు. మగ్గం మీద కూర్చున్నవాళ్లు దగ్గడం మాకు వింత కాదు. నూలు దుమ్ము గొంతులో పడుతుంది, సాయంత్రం ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దిగిపోతుంది, అంతే. నాన్న బతికినన్నాళ్లూ అదే వైద్యం. మగ్గాలు ఆగిపోయాక అన్నా నేనూ పట్నం వచ్చి అమీర్‌పేట గల్లీలో చిన్న టైలరింగ్ దుకాణం పెట్టుకున్నాం. ఆయన కుట్టేవాడు, నేను కొలతలు తీసుకుని కత్తిరించేవాణ్ణి. బల్కంపేట బోనాలు దగ్గరపడితే జాకెట్లు గుట్టలుగా వచ్చిపడేవి, అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు, అయినా ఎంత సంతోషంగా ఉండేవాళ్లమో!

అలాంటి రోజుల్లోనే అన్నకు దగ్గు పట్టుకుంది. వదిన దవాఖానకు పొమ్మని పోరితే, "గీ దుమ్ము దగ్గు మనకు కొత్తనా? జర బెల్లం పెట్టు, అదే పోతది" అనేవాడు, నేనూ వంత పాడేవాణ్ణి. నెలలు గడిచాయి. వదులైపోయిన తన చొక్కాలను తనే బిగించి కుట్టుకుంటుంటే అదీ చూశాను. కానీ నా ఫికరంతా గిరాకీ మీదే. టీబీ ఏమోనని ఒక్కరికి అనుమానం వచ్చినా ఆయన కుట్టిన జాకెట్టు ఇక ఎవరు తొడుక్కుంటారు? అందుకని ఆయన మిషన్ని తెర వెనక్కి జరిపి, ఎవరైనా ఉన్నప్పుడు దగ్గొస్తే గట్టిగా మిషన్ తొక్కమన్నాను, ఆ చప్పుడులో కలిసిపోతుందని. ఎంత తెలివో చూడండి! ఆ పిచ్చిమారాజు అలాగే తొక్కేవాడు. బట్ట లేకుండా ఉత్తగా తిరిగే మిషన్ చప్పుడు వేరుగా ఉంటుంది, మా పనివాళ్లకు ఇట్టే తెలుస్తుంది. కొలతలు రాసుకుంటూ రోజుకు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

చివరికి దగ్గులో రక్తం పడింది. డాక్టరు టీబీ అన్నాడు, రెండు ఊపిరితిత్తులూ పాడైపోయాయన్నాడు, మొదట్లోనే వస్తే మందులతో పోయేది కదయ్యా అని నన్ను తిట్టాడు. మంచం మీదున్న అన్న నన్ను దగ్గరికి పిలిచి అడిగింది ఒక్కటే: "తమ్మీ, గిరాకోళ్లకు ఎరుకైందా?" కాలేదన్నాను. నిమ్మళంగా కళ్లు మూసుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే పోయాడు.

దినాలయ్యాక దుకాణం తెరిచిన రోజు, మొదటి నుంచీ మా దగ్గరే కుట్టించుకునే ఎస్.ఆర్. నగర్ అక్క వచ్చి గుమ్మంలోనే ఏడ్చేసింది. "మీ అన్నకు దగ్గున్నది నాకు ఎప్పుడో ఎరుకనే తమ్మీ. మధ్యల వినవడకపోయేసరికి తక్కువైందనుకున్న. లేకుంటే మా ఆయన్ని తోడిచ్చి పంపకపోదునా, ఆయన పనిచేసేది దవాఖానలనే గదా!"

కాలం మారిందనీ, జబ్బు దాచుకునే రోజులు పోయాయనీ నా ఈడువాళ్లు అంటుంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ రోజుల్లోనూ పట్టించుకునే మనుషులు ఉన్నారు. మా అన్న దగ్గు వాళ్ల చెవిన పడనివ్వనిది నేనే.