బండికి మడి

మా షాపులో జరిగే ఒక పనికి పేరు పెట్టింది నేనే.

షాపు వన్ టౌన్‌లో, పోర్టుకు వెళ్లే రోడ్డు పక్కన. ఓనరు భాయ్. వాళ్ల నాన్న జట్కా బళ్ల సీట్లు కుట్టేవాడట, భాయ్ కార్ల సీట్లు కుడతాడు. వైర్ల పని నాది. తొమ్మిదో తరగతి మధ్యలో నాకు బడి అక్కర్లేదని నేనూ, నేను అక్కర్లేదని బడీ ఒక మాట మీదకు వచ్చాక ఇక్కడ చేరాను. కొత్త కారు కొన్నవాడు దాని నుదుటి పసుపు ఆరకముందే మా దగ్గరకు వస్తాడు. కంపెనీ ఇచ్చిన లైట్లు వాడికి చాలవు. కంపెనీ హారను వాడికి పిల్లి అరుపులా వినిపిస్తుంది. మేం వైరు కోసి, అతుకు వేసి, కావలసినవన్నీ ఎక్కించి పంపుతాం.

చిక్కల్లా కారుకు రోగం వచ్చినప్పుడే. షోరూంకు తీసుకెళితే వాళ్లు బానెట్ ఎత్తి, బయటి వైరు ముక్క కనబడగానే "దీనికి వారంటీ రాదు సర్" అంటారు. అందుకని షోరూంకు వెళ్లే ముందు రోజు బండి మళ్లీ మా గుమ్మంలో ఉంటుంది. పెట్టినవన్నీ విప్పేస్తాం. డిక్కీలో పాలిథిన్ కవర్లో దాచుకున్న కంపెనీ బల్బులు తిరిగి పెడతాం. అతుకుల మీద నల్ల టేపు చుడతాం. సర్వీసు అయ్యాక మళ్లీ అన్నీ ఎక్కిస్తాం. ఒకసారి ఒక పంతులుగారు తన కారు తెచ్చి, ఈ పనిని ఏమని అడగాలో తెలియక నీళ్లు నములుతుంటే, "ఏటి పంతులుగారూ, బండికి మడి కట్టమంటారా?" అన్నాను. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే. ఆ రోజు నుంచి అది మడి. భాయ్ కూడా ఫోన్లో "హా సార్, మడీయే కదా, పొద్దున్నే తెచ్చీండి" అనేవాడు. భాయ్ ఐదు పూటలా నమాజు చేసే మనిషి, నేను క్రిస్మస్‌కు తప్ప చర్చి గడప తొక్కని క్రైస్తవుణ్ణి. విశాఖపట్నంలో ఎన్నో కార్లు మా ఇద్దరి చేతుల మీదుగానే మడి కట్టుకున్నాయి.

మడిలో ఆఖరి మెట్టు దుమ్ము. కొత్త టేపు తళతళా మెరుస్తుంది, పాత ఇంజిను మధ్య కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది. అందుకే దాని మీద చిటికెడు దుమ్ము పూస్తాం. మా వైపు దుమ్ముకు ఏం కొరవ? పోర్టు నుంచి ఎగిరొచ్చే నల్లటి పొడి పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ షట్టరు మీద ఉంటుంది. వేలితో తీసి, టేపు మీద రాసి, ఉఫ్ అని ఊదితే చాలు. ఈ కిటుకు కనిపెట్టిందీ నేనే. భాయ్ నా భుజం తట్టి "నువ్వు సదువుకోలేదు కాబట్టి బతికిపోయాం" అన్నాడు.

ఇక మా బావ. అక్క భర్త. సబ్బవరంలో కొత్తగా వెలిసిన కాలనీలో ఇల్లు. స్టీల్‌ప్లాంటు వైపు ఒక కంపెనీ స్టాఫును షిఫ్టులకు తిప్పడానికి కారు కొన్నాడు. చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగే మనిషి. నా జోకులకు అందరూ నవ్వి ఆగిపోయాక నవ్వడం మొదలుపెడతాడు. ఒకసారి ట్రాఫిక్ పోలీసు ఆపి సీటు బెల్టు సంగతి అడిగితే, "ఇప్పుడే పెట్టుకున్నానండి, మిమ్మల్ని సూసి" అన్నాడు. ఆ పోలీసు ఏం చేయాలో తోచక వదిలేశాడు. అబద్ధం బావ నోటికి అలవాటు లేని కూర.

ఆ కారు కొన్నప్పుడు తమ్ముడి కానుకగా నేను పెద్ద లైట్లు, బస్సు హారన్లు కట్టిచ్చాను. బావ అడగలేదు. "కంపెనీ లైట్లు మిణుగురు పురుగులు బావా, గేదె అడ్డొస్తే దానికి నువ్వు కనబడవు, నీకది కనబడదు" అని నేనే వెంటపడ్డాను. అక్క మురిసిపోయింది. బావ కాదనలేకపోయాడు.

వానలు పోయాక ఒక రోజు ఆ కారు స్టీరింగు బిగుసుకుపోయింది. ముందు డాష్‌బోర్డు మీద పసుపు రంగు లైటు వెలిగి, తర్వాత చక్రం తిప్పడమంటే తిరగలి తిప్పినట్టే. కారును పనికి పెట్టుకున్న కాంట్రాక్టరు కొన్నాళ్లు వేరే బండి సర్దుతానన్నాడు గానీ, ఎక్కువ ఆగలేనని కూడా అన్నాడు. ఆ సర్దిన బండివాడు అక్కడే పాతుకుపోతే బావ పని పోయినట్టే. వారంటీ కింద బాగుచేస్తే బండి తొందరగా బయటకొస్తుంది. లేదంటే ఆ సామాను సొంతంగా కొని వేయించుకునే తాహతు బావకు లేదు.

బావ బండిని మెల్లగా తోలుకుని మా షాపుకు వచ్చాడు. నేను లైట్లు విప్పుతుంటే పక్కన నిలబడి గడ్డం గోక్కుంటూ అడిగాడు. ఆయన కూడా నన్ను బావా అనే పిలుస్తాడు.

"ఉన్నది ఉన్నట్టు సెప్పేత్తే ఏటౌద్ది బావా?"

"ఏటౌద్దా? బండి ఆళ్ల షెడ్డులో, నువ్వు మా అక్క ఎదురుగా. రెండిట్లో ఏది కష్టమో ఆలోచించుకో."

"అది కాదు. అడిగితే?"

"అడిగితే నాను మాటాడతాను. బండి నీది, నోరు నాది. నువ్వు ఊరకే నిలబడు, సాలు."

సీటు కుడుతున్న భాయ్ తల ఎత్తకుండానే అన్నాడు. "అన్నా, అక్కడ నిజం సెప్తే వారంటీ గయా. మీ బావమరిదికి వదిలీండి."

నేను టేపు చుట్టి, షట్టరు మీద వేలు రాసి, టేపు మీద పూసి, ఉఫ్ అన్నాను.

మర్నాడు షోరూంకు వెళ్లాం. అద్దాలు, ఏసీ, మీట నొక్కితే కాఫీ. బండ్లిచ్చినవాళ్లు సోఫాల్లో వరసగా కూర్చుని ఉన్నారు. జనం కనబడితే నా నాలుక ఆగదు. మా బండి చూసుకోవాల్సింది చిన్న వయసు అమ్మాయి, మెడలో కార్డు, చేతిలో ట్యాబు. కస్టమరు ఎవరని అడిగింది.

"కస్టమరు ఈయన మేడం. నాను కస్టమరు గారి లౌడ్‌స్పీకర్ని."

సోఫాల్లో ఒకళ్లిద్దరు నవ్వారు. అది చాలు నాకు. "మీ బండి స్టీరింగు మా అక్కకన్నా మొండిది మేడం, ఎటు తిప్పినా తిరగదు" అన్నాను. ఇంకొందరు నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వి, "సమస్య అర్థమైంది సర్" అంది. "అర్థమవడం కాదు మేడం, వారంటీలో అర్థమవ్వాలి. మీవోళ్లు మైనం పూసిన కారుక్కూడా బయటోడు ముట్టుకున్నాడంటారట కదా" అన్నాను. కాఫీ తాగుతున్న పెద్దాయన పొలమారి దగ్గాడు. నేను వెలిగిపోతున్నాను.

అప్పుడామె నన్ను దాటి బావ వైపు తిరిగింది. మర్యాదగానే అడిగింది.

"సర్, బండికి బయట ఏమైనా ఎక్స్‌ట్రా ఫిటింగ్స్ చేయించారా? లైట్లు, హారన్, అలాంటివి?"

నేను నోరు తెరిచాను. "సర్ చెప్తారు" అంది, నా వైపు చూడకుండానే.

బావ నన్ను చూశాడు. లేదని చెప్పమన్నట్టు నేను కనుబొమలు ఎగరేశాను. ఆ కనుబొమలు తలుచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను.

"నేదమ్మా" అన్నాడు. అన్నాక తల దించుకుని చెప్పుల వైపు చూశాడు.

ఆమె ట్యాబులో ఏదో కొట్టుకుని బండి లోపలికి పంపింది. నేను కాఫీ తెచ్చి బావ చేతిలో పెట్టాను. తాగలేదు. మీగడ కట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం పక్కనున్న పెద్దాయనతో ఇంకో రెండు జోకులు వేశాను.

కాసేపటికి ఆమె మమ్మల్ని లోపలికి పిలిచింది. బండి బానెట్ ఎత్తి ఉంది. టార్చి వేసి హెడ్‌లైటు వెనక వైర్ల మీద చూపించింది.

"సర్, మీ ఊరు?"

"సబ్బవరం అమ్మా."

"కదా. బండంతా ఎర్రమట్టి. ఇదిగో, బ్యాటరీ మీద, ఈ మూలల్లో, పైపుల మీద, అంతా ఎర్రగానే ఉంది. ఈ రెండు టేపుల మీద మాత్రం నల్ల దుమ్ము." వేలితో తుడిచి చూపించింది. ఆ వేలు మసిబారింది. "ఇది పోర్టు రోడ్డు దుమ్ము సర్. మా ఇల్లు అటువైపే, రోజూ మా డాబా మీద ఇదే ఊడుస్తాను."

సబ్బవరం బండికి వన్ టౌన్ దుమ్ము పూశాను. ఊళ్లో ఎవడూ చేయని తప్పు ఊరి దుమ్ముతో చేశాను.

అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా. "దుమ్ముకి ఊరూ పేరూ ఉంటాదేటి మేడం?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. కింద పని చేస్తున్న మెకానిక్ కూడా నవ్వలేదు. ఆమెకు కోపం కూడా రాలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

"సర్, స్టీరింగుకీ ఈ లైట్లకీ సంబంధం లేదు" అంది బావతో. "ఈ మోడల్లో ఇదే కంప్లైంట్‌తో వేరే బళ్లు కూడా వచ్చాయి, వారంటీలోనే మారుస్తున్నాం. లైట్లు కట్టించానని చెప్పినా మార్చేవాళ్లం. ఈ వైర్లకు మాత్రం వారంటీ రాదు, అంతే. ఇప్పుడు మీరు చేయించలేదన్నారు, మేం తీసిన ఫోటోలో చేసినట్టు కనబడుతోంది. రెండూ కలిపి పంపితే పైవాళ్లు మొత్తం ఆపేస్తారు. నన్నేం రాయమంటారు?"

అంటే ఆ అబద్ధం అక్కర్లేనిదన్నమాట. బావ జీవితంలో చెప్పిన ఒక్క అబద్ధం, నేను చెప్పించింది, ఎందుకూ పనికిరానిది. పైగా ఇప్పుడు బండిని ముంచేది కూడా అదే.

నేను ఇంకేదో అల్లడానికి "మేడం, అసలు ఏటంటే" అన్నాను. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉండు బావా."

తర్వాత ఆమెతో అన్నాడు. "అమ్మా, ఇందాక నాను అబద్ధం సెప్పినాను. లైట్లు, హారన్లు కట్టించినాను. నిన్న అయ్యన్నీ ఊడదీయించి తెచ్చినాను. తప్పు నాదే. నీ ఉద్దోగానికి ఇబ్బంది నేకుండా ఉన్నదున్నట్టు రాసీయి."

"ఎక్కడ కట్టించారు సర్? వైరింగు సరిచూడటానికి మావాళ్లకు అవసరమైతే..."

నేను బావ పక్కనే ఉన్నాను. మూరెడు దూరం కూడా లేదు. "నానే కట్టినాను మేడం" అని మూడు మాటలు. ముందు రోజు షాపులో బావకు గొప్పగా చెప్పాను, నోరు నాది అని.

"తెలిసినోళ్ల దగ్గిరే అమ్మా" అన్నాడు బావ. "మంచోళ్లే. పని బాగానే సేత్తారు."

ఆమె నన్ను ఒకసారి చూసింది. నా వేళ్ల వైపు కూడా చూసిందేమో. చేతులు వెనక్కు పెట్టుకున్నాను. "సరే సర్, కస్టమరే స్వయంగా చెప్పారని రాస్తాను" అని వెళ్లిపోయింది.

బండి అక్కడే వదిలి బస్సెక్కాం. బావ కిటికీ వైపు కూర్చున్నాడు. కోప్పడలేదు. కోప్పడితే ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి. దిగేముందు మాత్రం అన్నాడు. "ఆ పిల్ల మంచిది బావా. నాను అబద్ధం సెప్పినానని తెలిసినాక కూడా సర్ అనే పిలిసింది."

బండి బాగై వచ్చింది. కాంట్రాక్టరు పని బావకే ఉంది. ఆ ఆదివారం అక్క నన్ను భోజనానికి పిలిచింది. వంజరం చేప పులుసు. పక్కింటి పిన్నిగారు కూడా వచ్చి కూర్చున్నారు. అన్నం ముందు బావ ప్రార్థన ఎప్పుడూ పొడుగు, పులుసు చల్లారేదాకా సాగుతుంది. ఆ రోజు ఒక్క ముక్కలో ముగించి ఆమెన్ అన్నాడు.

అక్క నా కంచంలో పెద్ద ముక్క వేసింది. "ఈయన ఒక్కడే ఎళ్తే ఆళ్లు కాదంటే ఇంటికొచ్చీసేవోడు పిన్నీ. మా తమ్ముడి నోరే బండిని బాగు సేయించినాది. ఒరే, ఆ మేడంని ఏటన్నావో సెప్పరా, పిన్నికి ఇనిపించు."

"తిననీ ఆణ్ణి" అన్నాడు బావ.

ఆయన ఇంటికొచ్చి నా జోకుల సంగతి తప్ప ఇంకేమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నీళ్లు తాగి, అక్కతో మొత్తం చెప్పేశాను. నేను కట్టిన లైట్ల కోసం బావ చేత అబద్ధం చెప్పించానని, టేపుకు పోర్టు దుమ్ము పూశానని, ఆ అమ్మాయి వేలితో తుడిచి చూపించిందని, బావ తప్పు తన మీద వేసుకుంటుంటే లౌడ్‌స్పీకరు గారు చేతులు వెనక్కు పెట్టుకుని నిలబడ్డారని.

దుమ్ము దగ్గరే పిన్నిగారు నవ్వడం మొదలుపెట్టారు. లౌడ్‌స్పీకరు దగ్గరకు వచ్చేసరికి అక్క పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నేను చెప్పేదేదైనా వాళ్లకు జోకే.

"నిజంగానే అక్కా" అన్నాను.

"సంపేత్తావురా నువ్వు" అంది, నవ్వు ఆపుకోలేక. "ఆ దుమ్ము ముక్క మళ్లీ సెప్పు."

బావ నవ్వలేదు. నా వైపు చూడకుండా పులుసు గిన్నె నా దగ్గరకు జరిపాడు.

నేను మళ్లీ చెప్పాను. ఈసారి ఇంకా బాగా నవ్వారు.