విరుదునగర్ హాల్లో వినిపించిన గొంతు

ఎన్నో ఏళ్ళుగా ఈ బరువు మోస్తూ తిరుగుతున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

స్పిన్నింగు మిల్లుల హాస్టళ్ళలో ఆడపిల్లల్ని బయటికి వదలకుండా పనిచేయించుకుంటున్నారని తెలిసి, వాళ్ళ అనుభవాలు సేకరించే ఉద్యోగంలో ఉండేదాన్ని అప్పుడు. తమిళనాడులో కోవిల్పట్టి దగ్గరి పల్లెకు చెందిన ఒక అమ్మాయి మిల్లు నుంచి సెలవు మీద ఇంటికొచ్చింది. తమిళంలో అడిగితే తల దించుకుంది. వాళ్ళ ఇంట్లోనూ మా ఇంట్లోనూ మాట్లాడే తెలుగులో పలకరించగానే నా చెయ్యి పట్టుకుంది. హాస్టలు తలుపులకు వేసే తాళాల గురించి, సూపర్‌వైజరు చేసే పాడుపనుల గురించి అంతా చెప్పింది. ఫోనులో రికార్డు చేసుకున్నాను.

“అక్కా, దీన్ని ఎవురికీ వినిపియ్యబాకు. పేరు తీసేసినా నా గొంతు కనిపెట్టేస్తారు.”

“లేదమ్మా, రాసుకొనేదానికే. నేనుండాను గదా.”

సెలవు అయిపోయి ఆమె మిల్లుకు వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు విరుదునగర్‌లో సమావేశం. అధికారులతో పాటు మిల్లుల వాళ్ళూ వచ్చారు. నేను సేకరించిన అనుభవాలు చదువుతుంటే ఎవరూ పట్టించుకోవడం లేదు. ముందు వరసలో ఒకాయన ఆవులించాడు. ఫోను తీసి ఆ అమ్మాయి రికార్డింగు మైకు దగ్గర పెట్టాను. ఆ పిల్ల కోసమే పెట్టానా? కాదు. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైనప్పుడు నా ఒళ్ళు పొంగింది, ఆ పొంగు ఎందుకో నాకప్పుడే తెలుసు, తెలిసీ ఆపలేదు.

కొద్ది రోజులకే ఆమెను హాస్టలు నుంచి, మిల్లుకు ఆడపిల్లల్ని చేర్చే ఏజెంటు ఎక్కడికో పట్టుకుపోయాడని తెలిసింది. పరుగున వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను లోపలికి రానివ్వలేదు.

“మన మాట మాట్లాడ్తివే, మనోళ్ళనుకొంటిమే. ఎవురు వినిపిచ్చిరి దాని గొంతుని?”

“తెలీదమ్మా. మా ఆఫీసులో ఎవురో చేసుంటారు.”

అలా అన్నాను. పోలీసు ఫిర్యాదు నేనే రాసిపెట్టాను, సమావేశం సంగతి మాత్రం అందులోకి రానివ్వలేదు. రాసి ఉంటే ఆ రోజు హాల్లో ఉన్న మిల్లుల వాళ్ళలో ఎవరిని నిలదీయాలో పోలీసులకు తెలిసేదేమో. ఆ అమ్మాయి జాడ ఇప్పటికీ దొరకలేదు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు పాఠాలు చెబుతున్నాను. ఒప్పుకోకుండా ఎవరి మాటా బయటపెట్టకూడదంటాను. మొన్న ఒకమ్మాయి లేచి, మీరెప్పుడైనా తప్పారా మేడమ్ అని అడిగింది. లేదన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట!

క్షమించమని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆఫీసులో ఎవరో కాదు, నేనే. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.