కౌజుపిట్టలకు సొరనూనె

మా వీధి వెంకటపతికి ఉన్న పిచ్చల్లా కౌజుపిట్టలే. సౌకార్‌పేటలో పప్పుల కొట్టులో పగలంతా తూకాలు వేసి, మాధవరం చేరగానే చొక్కా అయినా విప్పకుండా పంజరం ముందు చతికిలబడేవాడు. వలవేసి పట్టుకొచ్చిన ఆ పిట్టలను అందరూ కూరకు కొంటే, ఇతను పెంచడానికి కొన్నాడు. పంజరంలో కౌజు గుడ్డు పెట్టదని ఊరంతా అన్నారు. పెట్టించి, పొదిగించి, పిల్లల్ని చూపిస్తానని ఇతని పంతం.

ఆ పంతం అతన్ని ఏళ్ల తరబడి ఏడిపించింది. సజ్జలు, నూకలు ఎంత పోసినా పిట్టలు ఎదగవు. కాళ్లు వంకరపోతాయి. ఎప్పుడో ఒక గుడ్డు పెట్టినా పెంకు మెత్తగా ఉండి చేతిలోనే చితికిపోతుంది. చివరికి పశువుల ఆస్పత్రి కాంపౌండరు జాలిపడి, గింజల్లో విటమిన్లు చాలవనీ, మునగాకు తరిగి వేసి, సొరచేప కార్జం కాచిన నూనె చుక్కలు మేతలో కలపమనీ చెప్పాడు. మా వీధికి చేపలు తెచ్చే ఎన్నూరు లూర్దుమేరి ఒక సీసా నూనె తెచ్చిచ్చింది. పిట్టలు ఒళ్లు చేశాయి, ఈకలు నిగనిగలాడాయి. ఇక గుడ్లే తరువాయి అనుకుంటుండగా పెరటాసి నెల వచ్చిపడింది.

పెరటాసి అంటే మా అరవదేశపు తెలుగిళ్లలో పెరుమాళ్ల నెల. నీచు గడప తొక్కకూడదు. వెంకటపతి భార్య అలమేలు నూనె సీసాను వీధిలోకి గిరాటేసింది. తినేది పిట్టలు కదా అని అతను బతిమాలాడు. పిట్టలుండేది మనింట్లోనే కదా అని ఆమె. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. నాకు ఒళ్లు మండింది. చేసేదిలేక వెంకటపతి, నూనె మానొద్దని మరీమరీ చెప్పి, పంజరాన్ని లూర్దుమేరి చేతికిచ్చి ఎన్నూరు పంపాడు. ఆ నెలంతా చేపలు కొనేవాళ్లు లేక ఆమె ఇటు రాలేదు. చేపలవాడకు పోయొస్తే ఇంట్లోకి రానివ్వనంది అలమేలు. కబురే లేదు.

నెల ముగుస్తుందనగా వెంకటపతి కౌజు గుడ్ల మీద కూచోబెట్టడానికి పొదుగుకొచ్చిన కోడిని ఒకదాన్ని తెచ్చాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించాను. అయినా పెరటాసి పోయి ఐప్పసి వచ్చిన మొదటి రోజున గడ్డి పరిచిన బుట్టతో అతని వెంట నేనూ ఎన్నూరు వెళ్లాను.

పిట్టలు బంతుల్లా ఉన్నాయి. లూర్దుమేరి ముఖం వెలిగిపోతూ పళ్లెం తెచ్చి పెట్టింది. పళ్లెం నిండా కౌజు గుడ్లు. ఆవిరి లేస్తోంది.

"నెలంతా నోరు కట్టుకోనుండావు కదన్నా. ఒక్కటి కూడా మా పిల్లోళ్లని ముట్టనీలా. ఇప్పుడే ఉడకేసినా, తిను."

వెంకటపతి బుట్ట పక్కన పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. పొదిగించాలన్న ఒక్క మాట ఆమెతో చెప్పి చావొచ్చు కదా. ఊరందరికీ చెప్పినవాడు, చెప్పాల్సిన ఒక్క మనిషికీ చెప్పలేదు. నాకు అతన్ని అక్కడే తన్నాలనిపించింది. అతను మాత్రం పళ్లెం ఒళ్లోకి లాక్కున్నాడు. ఒక్కొక్కటే వలుచుకుని అన్నీ తిన్నాడు. బాగుందన్నాడు. ఆ పెంకులన్నీ ఏరి గడ్డిబుట్టలో వేసుకున్నాడు.

తిరుగు దారిలో నేను తిట్టడానికి నోరు తెరిచేలోగా, ఒక పెంకు ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు.

"నొక్కి చూడు, ఎంత గట్టిగుండాదో" అన్నాడు.