సువార్తమ్మ తిరగేసి చూస్తుంది

మూసాపేట సువార్తమ్మ ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తిరగేసి చూస్తుంది. ముప్పై ఏళ్ల నర్సు ఉద్యోగం నేర్పిన అలవాటది. బ్యాచ్ నంబరు చదవకుండా ఏనాడూ ఇంజక్షను ఇవ్వలేదు. తొంభై తొమ్మిదిలో, హైటెక్ సిటీ కంపెనీ ఒకటి ఇచ్చిన యానిమేషన్ పని ఇంట్లోనే చేయడానికి కూతురు బ్లెస్సీకి రెండు ప్రాసెసర్ల కంప్యూటరు కావలసివస్తే, విడిభాగాలు కొనడానికి తానూ వెంట వెళ్లింది. దుకాణదారు యాదగిరి రెండు ప్రాసెసర్లు తెచ్చి ముందు పెట్టాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని, ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తిపట్టి చదివింది.

"బ్యాచ్‌లు వేరు బాబూ."

"స్పీడు ఒక్కటేనమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి."

"కలిసి పనిచేసేవి కదా! ఒకే బ్యాచ్‌వి ఇవ్వు."

యాదగిరి విసుక్కుంటూ మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకం తెరిచాడు. రెండూ ఒకే బ్యాచ్‌వి అయితే మేలని అందులో అచ్చేసి ఉంది. పుస్తకం మూసి అరల్లోని డబ్బాలన్నీ దించాడు. చివరికి జత దొరికింది. ఆమె చేతికివ్వబోతూ ఆగి, తానే తిరగేసి ఇంకోసారి చదివాడు.