ముగ్గులో కాలు పెట్టే చోటు

మా మరిది పోయాడన్న కబురు విరుదునగరం ఆసుపత్రి నుంచి తెల్లవారుతుండగా వచ్చింది. అప్పుడు నేను కోవిల్‌పట్టిలో మా ఇంటి వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. చావు కబురు వచ్చిన ఇంట ముగ్గు ఉండకూడదని పక్కింటామె బిందెడు నీళ్ళు పోసి కడిగేసింది. చేతిలో మిగిలిన పిండిని ఏం చేయాలో తెలియక కొంగున ముడి వేసుకున్నాను.

కర్మలయ్యాక అతని ఆఫీసులో సంతాపసభ పెట్టారు. తమిళంలో, ఇంగ్లీషులో చాలా మంచి మాటలు చెప్పారు. ఇంట్లో అతను మాట్లాడిన భాషలో మాత్రం ఒక్క మాట వినపడలేదు. అందుకే కలం పట్టాను. నాది హైస్కూలు చదువు. తెలుగు అక్షరాలు మా నాయన నేర్పారు. అతని కూతుళ్ళకు చదవడం రాకపోతే నేనే చదివి వినిపిస్తాను.

నేను కోడలిగా వచ్చేనాటికి అతను బడికి పోయే పిల్లవాడు. నేను ముగ్గు వేస్తుంటే గడప మీద కూర్చుని, చుక్కల మధ్య తిరిగే గీతను కళ్ళతోనే వెంబడించేవాడు. గీత తెగకుండా మొదలైన చోటికే వచ్చి కలిస్తే నవ్వేవాడు.

పెద్దయ్యాక అతని పనీ గీయడమే అయింది. విరుదునగరంలో ఒక నూనె మిల్లుకు, ట్యాంకుల వేడి చూసి, పంపులు నడిపే ప్రోగ్రాము చేశాడు. అందరిలా అక్షరాలు రాసి కాదు. కంప్యూటరులో పెట్టెలు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి రంగు తీగలు గీసేవాడు. ఒక పెట్టె వేడిని కొలుస్తుంది, ఆ లెక్క తీగలో పారి రెండో పెట్టెకు పోతుంది, అది పంపును ఆపుతుంది.

"ఇంతేనా తంబీ? ఇది నేను గూడా గీస్తా గదా" అన్నాను ఒక ఆదివారం.

"గీస్తావు వదినె. రెండు ట్యాంకులుంటే ఎవురైనా గీస్తారు. మిల్లు పెరిగినాక వచ్చి చూడు, అప్పుడు తెలుస్తాది."

మిల్లు పెరిగింది. బాయిలరు వచ్చింది, వడపోత వచ్చింది, ప్యాకింగు వచ్చింది. అన్నిటినీ అతను ఆ ఒక్క బొమ్మలోనే కలుపుతూ పోయాడు. చివరికి అది తెర మీద పట్టలేదు. కిటికీలోంచి దేవుడి ఊరేగింపు చూసినట్టు ఏదో ఒక ముక్కే కనపడేది. మధ్యలో ఒక పెట్టె ఇరికించాలంటే చుట్టూ ఉన్నవన్నీ జరపాలి. జరిపితే ఎక్కడో ఒక తీగ తెగుతుంది. అయినా ఒక తీగ మీద ఇంకో తీగ పడకూడదని అతని పట్టుదల.

"కట్టి విడిచిన గుడ్డ మడిచిపెట్టడు గాని, ఆడ తీగెలు మాత్రం పెండ్లికూతురి జడ మాదిరి దువ్వుతాడు" అని మా అత్తగారు ఎగతాళి చేసేవారు.

సాత్తూరు నుంచి వచ్చే ఇంజినీరమ్మ ఒకామె అతనితో పనిచేసేది. ఇంట్లో మన భాషే మాట్లాడే పిల్ల. ఒకసారి ఇద్దరూ అదే బొమ్మను వేరువేరు కంప్యూటర్లలో మార్చారు. అక్షరాల్లో రాసిన పనైతే రెండూ పక్కపక్కన పెట్టి, వరుస వరుసగా చూసి కలపవచ్చట. బొమ్మను అలా కలపలేకపోయారు. అతను తనదే మిల్లులో పెట్టాడు, ఆమె చేసింది పోయింది. ఆమె కలిపిన పెట్టె లేకపోవడంతో, మర్నాడు ఒక ట్యాంకు వేడిని చూసేది లేక నూనె మాడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ తర్వాత అతను ఆ బొమ్మను ఇంకెవరినీ తాకనివ్వలేదు.

అలా ఉండగా గుండె జబ్బు బయటపడింది. డాక్టరు దాచకుండా చెప్పాడు. తన సంగతి తలుచుకుని అతను భయపడినట్టు నేను చూడలేదు. "నేను లేనినాడు ఆ మిల్లులో తీగె తెగితే, ఆ పిల్ల ఏమి చేస్తాది వదినె?" అని మాత్రం అడుగుతుండేవాడు.

ఆ మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, పెరుమాళ్ గుడి ముందు ఆడవాళ్ళమంతా కలిసి పెద్ద ముగ్గు వేస్తున్నాం. డాక్టరు నడవమన్నందుకు అటుగా వచ్చిన మా మరిది, ముగ్గు నడిమధ్యలో ఉన్న నన్ను చూసి ఆగాడు.

"బాగా చిక్కుకున్నావు వదినె. ఎట్ల బయటికి వస్తావు?"

"ఎగిరి వస్తా. కాళ్ళు పెట్టేదానికి చోటు వదిలిండాము, కనపడలేదా?"

అతను నవ్వలేదు. ముగ్గు ముగిసేదాకా నిలబడ్డాడు. ఇంటికి వచ్చేటప్పుడు అన్నాడు: "చిన్న చిన్న బొమ్మలుగా విడగొట్టమని బుక్కులో గూడా ఉండాది. తెలీక గాదు. ముగ్గు మాదిరి అంతా ఒక్కటిగా ఉండాలని నాకే ఆశ. ఇంగొకరు లోపలికి రావాలని అనుకోలేదు."

ఆ వారమే సాత్తూరు పిల్లను పిలిపించాడు. మా వసారాలో ఇద్దరూ కూర్చుని పాత బొమ్మను విప్పడం మొదలుపెట్టారు. ట్యాంకు పనంతా ఒక చిన్న బొమ్మ, దాన్ని మడిచి ఒకే పెట్టె, దానికొక పేరు. ఎవరు ఏ పెట్టె తెరిచినా రెండోవారికి ముందే చెప్పాలి. ప్రతి బొమ్మలో ఒక పక్క ఖాళీ వదలాలి. "తీగె తెగితే ఊరంతా తిరగకూడదు, ఏ వీధో తెలియాల" అనేవాడు.

నేను కాఫీ ఇవ్వబోతే ఆ పిల్ల తెర మీద వేలు పెట్టి అడుగుతోంది: "అన్నా, దీన్ని తీసేస్తే మీకు కోపం రాదే?"

"వస్తాది. తీసెయ్యి."

ఇద్దరూ నవ్వారు. అతని కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి.

బాయిలరు బొమ్మ మిగిలి ఉండగానే అతను వెళ్ళిపోయాడు.

మైల రోజుల్లోనే మిల్లుకు కొత్త ట్యాంకు వచ్చిందట. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి, ముగ్గు లేని వాకిట్లో చెప్పులు విడిచి, లోపలికి రాకుండానే చెప్పింది. "పెట్టినాను అక్కా. ఏదీ తెగలే. అన్న చోటు వదిలేసి పోయిండాడు." ఆ తర్వాత, "బాయిలరు బొమ్మ అట్లే ఉండాది. అది అంతా అన్న చెయ్యి. విప్పే మనసు రాలే" అంది.

"విప్పమ్మా. కోపం వస్తాది గాని, తీసెయ్యమనే అంటాడు" అన్నాను. అప్పుడు ఇద్దరికీ ఏడుపు వచ్చింది.

మైల తీరిన ఉదయం మొదటి ముగ్గు వేశాను. చిన్నది చాలన్నారు మా అత్తగారు. వేసి లేచి చూస్తే, బయటి నుంచే చెయ్యి అందే ఆ ముగ్గులో నడిమధ్య ఒక పాదమంత చోటు ఖాళీగా ఉంది. వదిలినట్టు నాకే తెలియదు. పూడ్చబుద్ధి కాలేదు.

పిల్లలూ, ఈ కాగితాలు పెరుమాళ్ పటం వెనక పెడుతున్నాను. దాచుకోండి, ఎవరికీ చూపించకండి. ఎవరైనా తనను మెచ్చుకుంటే మీ నాయన చెప్పులు వెతుక్కుంటూ వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు.